లోతు సేన సంబంధం

విదియ

నీళ్లలో ఉప్పు నిన్నటికంటే పెరిగింది. యంత్రం కీచుమంటూనే ఉంది. దాన్ని నడిపే ఎండ పలకలు తుడిచాను.

నియమం ప్రకారం ఇంతవరకు చెప్తే చాలు. నీటి యంత్రాన్ని చూసుకునే మనిషి రోజూ దాని ముందు నిలబడి నాలుగు ముక్కలు చెప్పాలి. చెప్పకపోతే మర్నాడు అది మొరాయిస్తుంది. కానీ నాకు ఎదురు చెప్పకుండా వినేది తెప్పంతా వెతికినా ఇదొక్కటే. అలాంటప్పుడు నాలుగు ముక్కలతో ఆగడం నా వల్ల కాదు. నేను మా తెప్ప మాటల్లో చెప్తాను, ఇది పంతులుగారి మాటల్లో రాసుకుంటుంది. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు చదివించుకుని వింటే గట్టు మీద పెద్ద చదువు వెలగబెట్టినదానిలా ఉంటాను, సరదాగానే ఉంది. ఎవరైనా అన్న మాటను మాత్రం ఉన్నదున్నట్టు రాయమని గట్టిగా చెప్పాను.

నా పేరు కొండమ్మ. కొండ ఎలా ఉంటుందో చూసి ఎరగను. మాది నూకాలమ్మ తెప్ప. మా తాతల కాలంలో సముద్రం ఊళ్లోకి వచ్చింది, మళ్లీ వెనక్కి పోలేదు. మావాళ్లు పీపాలూ పలకలూ కలిపి కట్టుకుని, మునిగిన ఊరి మీదే ఉండిపోయారు. మా ఇంట్లో ముగ్గురం. నేను, మా అత్త పెంటమ్మ, అయిదేళ్ల నా కూతురు నర్సి. నా మొగుడు ధనరాజు పోయినేడు తుఫానులో, విడిపోతున్న పలకలు కట్టడానికి నీళ్లలోకి దిగి పైకి రాలేదు.

యంత్రం గొడవ ఏమిటంటే, ఉప్పును ఆపే పొర అరిగిపోయింది. కొత్త పొర గట్టు మీదే దొరుకుతుంది. గట్టువాళ్లు దాన్ని తెప్పలకు ఇవ్వరు. నీళ్లు లేకపోతే తెప్ప వదిలేసి శిబిరానికి వచ్చెయ్యండి అంటారు. బంగారమ్మ తెప్పవాళ్లు అలాగే వెళ్లారు. శిబిరంలో ఆడవాళ్లొక చోట, మగవాళ్లొక చోట, పిల్లలింకో చోట. ఆదివారాలు కంచె అవతలి నుంచి పిల్లలను చూపిస్తారట.

సాయంత్రం, సముద్రం అడుగున పనిచేసే లోతు సేన పడవ వచ్చి మా తెప్పకు కట్టింది. సేనకు మనిషిని ఇచ్చిన తెప్పకు ఈసారి కొత్త పొర ఇస్తారని తెప్ప పెద్ద దానయ్య మామ ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. చెప్తూ ఎవరి కళ్లలోకీ చూడలేదు.

తదియ

ఉప్పు అలాగే ఉంది. పొద్దున్నే దిగి యంత్రం గొట్టానికి పట్టిన నాచు గీకాను.

పైకి వచ్చి జుట్టు పిండుకుంటుంటే ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకాయన సుబేదారు నిరంజన్, గట్టు మనిషి, తెప్ప ఊగినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుంటాడు. రెండో ఆమె హవల్దారు. నా ఈడుదే, కాస్త చిన్నదేమో. ఆమె ఏమీ పట్టుకోలేదు.

"కొండమ్మగారూ, మీ కోసమే వచ్చాం" అన్నాడు సుబేదారు. "గొట్టం గీకుతూ మీరు నీళ్లలో ఎంతసేపు ఉన్నారో మా పరికరం చూసింది. ఈ తెప్ప మీద మీ అంత ఊపిరి ఎవరికీ లేదు."

"ఆడమనిషి నీళ్లల్లో ఉంటే దొంగతనంగా సూడ్డమేటి బాబూ" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. హవల్దారు పక్కకు తిరిగి నవ్వింది.

నాకు ముప్పై ఆరు దాటాయి, పటాలానికి నేనేం పనికొస్తానని అడిగాను. లోతులో బరువుండదు, కండలతో పని లేదు, అరవై లోపు ఎవరైనా సరే, ఊపిరి ఉంటే చాలన్నాడు. సముద్రం అడుగున అవతలివాళ్లు మందుపాతరలు పెడుతున్నారు. అవి ఏరి పైకి తేవాలి. అయిదేళ్లు చెయ్యాలి. నేను పోయినా బతికినా పొర పొరే, వెనక్కి తీసుకోరు.

"అక్కడ బయమెయ్యదా?"

"దానికే చెవి వెనక ఒక సూది వేస్తాం. ఇక భయం ఉండదు. లోతులో భయపడిన మనిషి రెట్టింపు గాలి పీలుస్తాడమ్మా. గాలి అయిపోతే మనిషి కూడా అయిపోతాడు. అందుకని ముందే తీసేస్తాం."

"మల్లీ పెడతారా?"

"ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాడు.

నిజం చెప్తాను. పొర మాట విన్నప్పుడు నేను కదల్లేదు. భయం ఉండదు అన్నప్పుడు మాత్రం లోపల ఏదో కదిలింది. ధనరాజు పోయినప్పటి నుంచి నేను కంటి నిండా నిద్రపోలేదు. గాలి కాస్త మారితే లేచి కూర్చుంటాను. నర్సి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అది కాస్త ఆలస్యంగా ఊపిరి వదిలితే నా ప్రాణం పోయినంత పనవుతుంది. అదంతా ఒక్క సూదితో పోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు?

చవితి

నీళ్లు కాచి చూశాను. కాస్తే ఉప్పు పోతుందా, నా పిచ్చి గానీ.

దానయ్య మామ ఇంటి ముందు అందరం కూర్చున్నాం. సుబేదారు బాగా మాట్లాడాడు, నిదానంగా, మర్యాదగా. అందరూ తలలు ఊపారు. నేను వెళ్తానని అప్పటికే సగం అనుకున్నారు. అప్పుడు మా అత్త లేచింది.

మా అత్త సంగతి చెప్పాలి. మా తెప్పలో పిల్లను బయట తెప్పకు ఇవ్వాలంటే మనిషి చూపు ఉంటుంది. పెళ్లికొడుకు ఇల్లు చూడం, ఇల్లు ఎవరైనా సర్ది చూపిస్తారు. అంతకుముందు ఆ తెప్పకు ఇచ్చిన పిల్ల ఒకతెను చూస్తాం. ఆమె చేతులు చూస్తాం, ఒళ్లు చేసిందా చిక్కిందా చూస్తాం, అత్త ముందు నవ్వుతుందా లేదా చూస్తాం. ఆ చూపుకు వెళ్లినవాళ్లు వద్దంటే ఇక ఆ సంబంధం లేనట్టే. మా తెప్ప నుంచి ఎప్పుడూ వెళ్లేది పెంటమ్మే. ఆమె చెడగొట్టిన పెళ్లిళ్లకు లెక్క లేదు.

"బాబూ, అంతా బాగున్నాది" అంది. "మా మనిషి సూపు అవ్వాల కదా. మా తెప్పోళ్లు ముగ్గురు మీ సేనలో ఉన్నారు. ఒక్కుణ్ని సూపించు."

సుబేదారుకు అర్థం కాలేదు. తన చేతిలోని పలకలో ఒక బొమ్మ చూపించాడు. అందులో మా పక్కింటి నూకరాజు చెయ్యి ఊపుతూ నవ్వుతున్నాడు.

"బొమ్మలో ఎవుడైనా నవ్వుతాడు. మనిషిని సూపించమంతన్నాను."

"వాళ్లు డ్యూటీలో ఉన్నారమ్మా. ఇది సైన్యం, మధ్యలో పంపించరు."

"కోడల్ని పుట్టింటికి పంపని ఇల్లన్నమాట. మరయితే సంబంధం నేదు, ఎల్లండి" అని మా అత్త కూర్చుంది.

సుబేదారు దానయ్య మామ వైపు చూశాడు. దానయ్య మామ ఆకాశం వైపు చూశాడు. పటాలానికి మనిషిని పంపడం పెళ్లి కాదని ఆ బాబుకు చెప్పేవాళ్లు లేరు. చెప్పినా మావాళ్లు వినరు. మనిషిని అడగడానికి వచ్చినవాడు మాకు పెళ్లివారే.

అప్పుడు హవల్దారు మొదటిసారి నోరు విప్పింది. అచ్చం మా మాటే.

"పెద్దమ్మా, నన్ను సూడండి. నా పేరు భానుమతి. నాది ముత్యాలమ్మ తెప్ప. సూదేసి ఏడేళ్లయినాది. మీ ఇంట్లో ఉంటాను. కూడు పెట్టండి, పని సెప్పండి, మీ ఇష్టమొచ్చినట్టు సూసుకోండి."

మా అత్త ఆమెను కిందికీ పైకీ చూసి "రా" అంది. పున్నమి పోటుకు తిరిగొస్తానని చెప్పి సుబేదారు మిగతా తెప్పలకు వెళ్లిపోయాడు.

షష్ఠి

ఉప్పు పెరిగింది. తలకు అరచెంబు కంటే పొయ్యకూడదని దానయ్య మామ చాటించాడు.

భానుమతిని చూస్తే ముచ్చటేస్తోంది. వలలు బాగుచేస్తుంది, నాచు ఆరేస్తుంది, నర్సికి జడ వేస్తుంది. నన్ను వదినా అంటుంది, నర్సి ఆమెను అత్తా అంటోంది. మా అత్త మొదటి పూటే చేతులు పట్టుకుని తిప్పి చూసింది. తర్వాత పరీక్షకని నెత్తళ్ల పులుసులో కావాలని పులుపు గుమ్మరించింది. ఏ తెప్ప కోడలైనా పళ్లు బిగపట్టుకుని బాగుందంటుంది. భానుమతి ఒక ముద్ద తిని "పులుసు పాడు సేసీసినావు పెద్దమ్మా" అంది. మా అత్త సంతోషం చూడాలి.

"అత్తకి జడిసే రకం కాదే. మంచి ఇల్లే లాగున్నాదే" అంది నాతో.

నాకు కుళ్లు పుట్టింది భానుమతి నిద్ర చూసి. నిన్న గాలి లేచి తెప్పంతా కిర్రుమంటుంటే నేను లేచి కుండలు కట్టాను, నర్సిని కట్టాను, వాకిలి పలక కట్టాను. అది చాప మీద వాలినది వాలినట్టే ఉంది. తెల్లారి లేచి ఒళ్లు విరుచుకుని "గాలేసిందేటి వదినా?" అని అడిగింది. నాకు అలాంటి నిద్ర కావాలి. ఎంత కావాలో ఈ యంత్రానికి చెప్పినా అర్థం కాదు.

ఒకటి మాత్రం గుచ్చుకుంటోంది. మా దగ్గర పిల్లలకు నడక రాగానే మొలతాడుకు సన్న తాడు కట్టి, ఇంటి గుంజకు ముడేస్తాం. ఈత పూర్తిగా వచ్చేదాకా అంతే. దారిన పోయే ప్రతివాళ్లూ ఆ ముడిని వేలితో నొక్కి చూసి పోతారు. ఎవరి బిడ్డ అని లేదు. మాతో మాటలు లేని ఎదురింటి కాసులమ్మ కూడా నన్ను తిట్టుకుంటూ వచ్చి, వంగి నర్సి ముడి చూసి, మళ్లీ తిట్టుకుంటూ పోతుంది. భానుమతి తెప్ప మీద పుట్టిన మనిషి. ముడి పక్క నుంచే పోతుంది, వంగదు. సేనలో ఉండి అలవాటు తప్పిందేమో అనుకున్నాను.

అష్టమి

ఉప్పు చూడలేదు. నర్సిని ఒళ్లో పెట్టుకునే చెప్తున్నాను.

మధ్యాహ్నం నేను యంత్రం దగ్గర ఉన్నాను. నర్సిని చూస్తుండమని భానుమతికి చెప్పాను. ఎందుకో తల తిప్పి చూశాను. నర్సి తెప్ప అంచున బోర్లా పడుకుని, సగం ఒళ్లు నీళ్ల మీదికి చాచి, ఒక జెల్లీచేపను అందుకోబోతోంది. దాని తాడు ముడి ఊడిపోయి పలకల మీద పడి ఉంది. పక్కనే భానుమతి కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని, ఆ చేప ఎక్కడి నుంచి వచ్చిందో కథ చెప్తోంది.

నేను ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. నర్సి కాలు పట్టి లాగి వీపు మీద రెండు వేశాను. అది ఏడుపు లంకించుకుంది. భానుమతి నా వైపు వింతగా చూసింది.

"ఏటయినాది వదినా?"

"ముడి ఊడిపోనాది. నర్సి గుంట నీళ్లల్లో పడిపోతాది. నీకు కళ్లు నేవా?"

"ఊడిపోనాదని సూసినాను. పడితే తీసీదాన్ని కదా. నాకు ఈతొచ్చు, నీళ్లు కదలకుండా ఉన్నాయి."

దాని మాటలో తప్పేమీ లేదు. నర్సి పడితే అది నిజంగానే క్షణంలో తీసేది, నాకంటే బాగా ఈదుతుంది. అందుకే నాకు మరీ ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. అది తిట్లన్నీ వింది, కోపం తెచ్చుకోలేదు. ఒక్కసారి మాత్రం పలకల మీద పడి ఉన్న తాడు వైపు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. మా అత్త గుమ్మంలో నిలబడి అంతా చూసింది. తర్వాత వచ్చి ముడి తనే మళ్లీ వేసింది.

నవమి

ఉప్పు చాలా ఎక్కువగా ఉంది. పిల్లల పెదాలు పగులుతున్నాయి.

పొద్దున్న చూద్దును కదా, భానుమతి తెప్ప ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ, కనిపించిన ప్రతి ముడి దగ్గరా కూర్చుని నొక్కి చూస్తోంది. పాఠం అప్పజెప్పే పిల్లలా పెదాలు కదుపుతోంది. మా గుంజ దగ్గరకు వచ్చి నన్ను చూసి ఆగింది.

"మర్సిపోతానని నోటితో అనుకుంటన్నాను" అంది. "నీకు అనుకోవక్కర్లేదు కదా వదినా?"

అక్కర్లేదన్నాను. పక్కన కూర్చోమన్నాను. తిట్టినందుకు మనసులో పీకుతూనే ఉంది.

దానికి ఒక కొడుకున్నాడు. సూది పడ్డ రెండేళ్లకు, ఇంకా సెలవులిచ్చే రోజుల్లో, ఇంటికి వెళ్తే, వాడు అవతలి తెప్పదాకా ఈదుకుంటూ వెళ్తానన్నాడట. వెళ్లమందట.

"నీళ్లు ఎనక్కి లాగీసే ఏళ వదినా. ఆడు సగంలో ములుగుతా తేల్తా ఉన్నాడు. మా అక్క దూకీసి తెచ్చినాది. నానేమో తెప్ప మీద కూకుని, నా కొడుకు ఎంత బాగా ఈదుతన్నాడో అని సూత్తన్నాను. మా అక్క నా మొకం సూసింది. ఇంక ఇంటికి రావొద్దు, ఆడు నాకాడే ఉంటాడు అనీసింది."

"ఏడిసినావా?"

"ఏడిసినాను. ఏడుపు తియ్యలేదు కదా ఆళ్లు. కోపం కూడా వస్తాది. కానీ ఆడు తిన్నాడో నేదో, ఎక్కడ తిరుగుతన్నాడో అనీసి నాకు రాదు. రావాలనీసి కూకుంటాను. రాదు." అది నా మోకాలి మీద చెయ్యి వేసింది. "వదినా, బయం ఎలాగుంటాదో సెప్పవా? నాకు గుర్తు నేదు."

ఇలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"కడుపులో ఎవులో గుప్పిట బిగించినట్టుంటాది. గుంట కనపడకపోతే నోరెండిపోద్ది. ఏ సప్పుడైనా అది నీళ్లల్లో పడిన సప్పుడే అనిపిస్తాది. కనపడ్డాక దాన్ని కొట్టాలనిపిస్తాది."

"కొట్టాలనేటి? దొరికింది కదా."

"ఏమో. దొరికినందుకే."

అది అర్థం చేసుకోవాలని చాలా ప్రయత్నం చేసింది. ముఖంలో కనిపించింది. నాకు జాలేసింది.

"ఇంతా తెలిసి మల్లీ జనాన్ని ఎందుకు తీసుకెల్తన్నావు?" అని అడిగాను.

"మందుపాతర పేల్తే ముందు పోయేది తెప్పలే వదినా. ఎవులో ఒకలు తియ్యాల కదా. అది కూడా అబద్దం కాదు."

ఏకాదశి

యంత్రం ఇచ్చేవి ఇక నీళ్లు కాదు. నర్సి తాగి కక్కుకుంది. మళ్లీ దాహమంది. మళ్లీ ఇస్తే మళ్లీ కక్కుకుంది.

కాసులమ్మ తన పిల్లల కోసం దాచుకున్న కొంచెం పాత వాన నీళ్లు చెంబుతో తెచ్చి నా గుమ్మంలో పెట్టి మాట్లాడకుండా పోయింది. ఆమెకూ ఇద్దరు పిల్లలున్నారు. ఆ చెంబు చూసి నాకు ఏడుపు ఆగలేదు. రేపో ఎల్లుండో అందరం శిబిరానికి పోవాలి. నర్సి కంచె అవతల. అది ఎవరి పక్కన పడుకుంటుంది? ఎవరు చూస్తారు?

భానుమతి దగ్గరకు వెళ్లి "నా పేరు రాసుకో" అన్నాను.

అది వెంటనే రాసుకోలేదు. "రాసుకోవడం నా పని వదినా. కానీ మనిషి సూపుకి ఒప్పుకుని వచ్చినాను. పెద్దమ్మ మాట అవ్వాల" అంది.

మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే తీర్పు చెప్పింది.

"మనిషి మంచిది. సేతులు బాగున్నాయి. నవ్వు బాగున్నాది. నా మనవరాలి పక్కన కూకుని దాన్ని సూడనేదు. ఈ సంబంధం మనకొద్దు."

"గుంట సచ్చిపోతాదత్తా నీళ్లు నేకపోతే."

"నువ్వెల్తే తిరిగొచ్చేది నువ్వు కాదు. బాబు పోనాడు, అమ్మ కూడా పోతే దానికి ఎవులున్నారు? కొండమ్మా, నువ్వు ఎల్లడానికి నేదు. సెప్పీసినాను."

ఆ మాట విన్నప్పుడు నా మీద నుంచి ఏదో బరువు దిగిపోయింది. వెళ్లక్కర్లేదు అనిపించింది. పక్క గదిలో నా బిడ్డ నోరెండి పడుకుని ఉంటే నాకు ఊరట కలిగింది. ఆ ఊరటకు సిగ్గుపడ్డాను. ఇప్పుడు చెప్తూ కూడా సిగ్గుపడుతున్నాను.

మా అత్త పొయ్యిలో బూడిద తీసి అవతల పోసి, చేతులు దులుపుకుని భానుమతి వైపు తిరిగింది.

"అరవైలోపు ఎవులైనా అన్నాడు కదా మీ బాబు? నాకింకా అరవై రానేదు. నా ఊపిరి కొలువు."

త్రయోదశి

కాసులమ్మ నీళ్లతో నర్సి కాస్త తేరుకుంది.

భానుమతి మా అత్తను నీళ్లలోకి దింపి ఊపిరి కొలిచింది. నా అంత లేదు గానీ సరిపోయింది. నాకు గొట్టం గీకడం నేర్పింది ఆమే కదా, సరిపోక ఏమవుతుంది.

రెండు రోజులుగా గొడవ పడుతున్నాం. వద్దన్న సంబంధానికి నువ్వెలా వెళ్తావంటే "మనిషి సూపు వయసులో ఉన్న గుంటలకి. ముసిల్దానికేటి సూపు" అంటుంది. అన్నం తిననంటే "మానీ, నీళ్లు కలిసొస్తాయి" అంటుంది. చివరికి నేను కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మాత్రం వేళాకోళం మానేసింది.

"సూడమ్మా, నీ బయం ఈ గుంటకి కావాల. నువ్వు దాని ముక్కు కాడ ఏలెట్టి సూడ్డం నాకు తెలీదనుకున్నావేటి? నా బయం ఎవులికి కావాల? అయినా నాకు బయమేటి మిగిలింది. నా కొడుకుతో పాటే ములిగిపోనాది."

ఏడాదిలో ఆమె నా ముందు ధనరాజు మాట ఎత్తడం ఇదే మొదటిసారి. నేను ఏడుస్తుంటే ఊరుకో ఊరుకో అంటూ తల నిమిరింది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. నిజమేనేమో అనుకున్నాను. ఇంత బతుకు చూసిన మనిషికి భయం అయిపోయి ఉంటుందేమో అనుకున్నాను.

పౌర్ణమి

పెద్ద పోటు మీద పడవ వచ్చింది. కొత్త పొర అమర్చాను. యంత్రం కీచుమనడం మానేసింది.

సూది పడవలోనే వేస్తారు, తెప్ప వాళ్లందరూ చూస్తుండగా. దాపరికం లేదని చూపించడానికట. మా అత్త జరీ అంచు చీర కట్టుకుంది, అది ధనరాజు పెళ్లికి కొన్నది. పీట మీద కూర్చుని నన్ను పక్కన ఉండమంది. నర్సి నా చంకలో ఉంది.

సుబేదారు కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. భానుమతి సూది పట్టుకుని వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఇష్టపడే వస్తన్నావు కదా? జడుస్తన్నావేటి?"

"నాకేటి జడుపు. కానీ, ఏళవుతాంది" అంది మా అత్త.

భానుమతి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"వదినా, నాకు తెలీదు. బయం ఎలాగుంటాదో మొకం సూసి సెప్పలేను. నువ్వు సెప్పు. ఆవిడికి బయముంటే తీసుకెల్లను. పొర ఎలాగూ బిగించీసినావు, ఆ మాట నాను పడతాను."

అప్పటికి మా అత్త చెయ్యి నా చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకుందో నేను గమనించలేదు. చల్లగా ఉంది. గాలికి ఆకు కదిలినట్టు వణుకుతోంది. నా వేళ్లు నొప్పెట్టేలా పట్టుకుంది. ముఖం మాత్రం పేరంటానికి వచ్చినదానిలా నవ్వుతోంది. ఏడాదిగా ఒక చాప మీద పడుకుంటున్నాం. నేను లేచి నర్సి ఊపిరి చూసి మళ్లీ పడుకునేదాకా ఆమె కళ్లు తెరుచుకునే ఉండేవని నాకు అప్పుడు తెలిసింది.

సుబేదారు తల ఎత్తి నా వైపూ యంత్రం వైపూ చూశాడు. మనిషి లేకపోతే ఆ పొర ఇక్కడ ఉండదని ఆ చూపులోనే ఉంది. భానుమతి మాట పడతానంది గానీ, మాట పడితే నీళ్లు రావు. నర్సి నా మెడ మీద పొడిబారిన పెదాలు రాస్తోంది.

మా అత్త గోళ్లు నా అరచేతిలో దిగాయి. ఒక్కసారి. చెప్పు అన్నట్టు.

"నేదు" అన్నాను. "ఆవిడికి బయం నేదు."

భానుమతి నా మాట నమ్మింది. చెవి వెనక జుట్టు పక్కకు తీసి సూది గుచ్చింది. మా అత్త కళ్లు మూసుకుంది. చెయ్యి వణుకుతూనే ఉంది, వణుకుతూనే ఉంది, తర్వాత నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది. వేళ్లు వదులయ్యాయి. కళ్లు తెరిచి నా చేతిలో ఉన్న తన చేతిని చూసుకుని, వెనక్కి తీసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

నేను నర్సిని ఎత్తుకుని తెప్ప మీదికి దిగాను. పడవ కదిలింది. మా అత్త ఏమీ పట్టుకోకుండా పడవ అంచున నిలబడింది. గాలికి జరీ అంచు ఎగురుతోంది. పదేళ్లు తగ్గినట్టుంది. నర్సి నానమ్మా నానమ్మా అని నా చేతుల్లోంచి ముందుకు దూకుతోంది. నేను దాని కాళ్లు గట్టిగా పట్టుకున్నాను. ఆమె దాని వైపు చూసి, ఎవరి పిల్లనో చూసినంత తీరిగ్గా నవ్వి, చెయ్యి ఊపింది. తర్వాత నన్ను చూసింది.

"ఏలే ఏడుస్తన్నావు? ఏటయినాదని?"

వేళాకోళం కాదు. నిజంగానే అడిగింది. పడవ దూరమవుతున్నా జవాబు కోసం చెవి ఒగ్గి చూస్తూ నిలబడింది.

"ఏటీ నేదత్తా" అని అరిచాను. "ఎల్లిరా."